సూచక ఉపకరణంపై బహిరంగ చర్చ

కొత్తమెరక నమోదు కార్యాలయంలో ప్రజ్వల, జోయెల్‌ల పెళ్లి ఆగిపోవడానికి కులం కారణం కాదు, మతం కారణం కాదు, జాతకాలు అసలే కాదు. మౌస్ ఎడమ బొత్తం కారణం.

ఆ రోజు అంతా సవ్యంగానే మొదలైంది. ముగ్గురు సాక్షులూ టైముకి వచ్చారు. గులాబీ దండలు తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. సీనియర్ అసిస్టెంటు దమయంతి పెళ్లిళ్ల కంప్యూటరు ముందు కూర్చుని, పేర్లు సరిచూసి, వయసులు సరిచూసి, ‘వధూవరులు నా సమక్షంలో అంగీకరించారు’ అన్న వాక్యం పక్కనున్న గడిలో టిక్కు పెట్టబోయింది. నొక్కింది. పడలేదు. గట్టిగా నొక్కింది. మౌస్‌ని తిరగేసి, ఊది, కొంగుతో తుడిచి మళ్లీ నొక్కింది. కుడి బొత్తం పలుకుతోంది, మధ్యలో చక్రం తిరుగుతోంది, ఎడమ బొత్తం మాత్రం అలిగిన కొత్తల్లుడిలా ఉలకదు, పలకదు.

దమయంతికి పెళ్లిళ్ల సీటంటే ప్రాణం. అదే ఆఫీసులో భూములు రాయించుకునేవాళ్ల మొహాలు, ఆ అన్నదమ్ముల చూపులు ఇరవయ్యేళ్లు భరించి, బతిమాలుకుని మరీ ఈ సీటు వేయించుకుంది. సంతోషంగా సంతకం పెట్టే మనుషులు ఆ ఆఫీసు మొత్తానికి ఆవిడ బల్ల దగ్గరే కనిపిస్తారు.

అందుకని ఆవిడ కంగారుపడలేదు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా జిరాక్సు కొట్లో మౌసులు మామిడి తోరణంలా వేలాడుతున్నాయి. “రెండు నిమిషాలమ్మా, ఇప్పుడే వస్తాను” అని పర్సు తీసుకుని లేచింది.

“ఆగండి దమయంతిగారూ!” అన్నారు సబ్‌రిజిస్ట్రారు పేర్రాజుగారు, తన గదిలోంచి పరుగులాంటి నడకతో వచ్చి. “ఎక్కడికండీ? కొత్త విధానం వచ్చింది కదా!”

ఆ విధానం కథ కొంచెం చెప్పుకోవాలి. అంతకుముందు సంవత్సరం నమోదుల శాఖ జిల్లాకి కొత్త కంప్యూటర్లు కొంది. ఎవరో ఆ పెట్టెల ఫొటో తీసి అంతర్జాలంలో పెట్టారు. కంప్యూటర్లు తెలిసిన లోకమంతా దాని చుట్టూ చేరి, ఇది ఏ తవ్వకాల్లో దొరికింది, దీన్ని మ్యూజియంకి ఇవ్వకుండా ఆఫీసుకెందుకు ఇచ్చారు అని మూడు రోజులపాటు నవ్వింది. జిల్లా డైరెక్టరుగారు ఆ నవ్వులన్నీ ఒక్కటీ వదలకుండా చదివారు. ఇంకొకరైతే బాధపడి ఊరుకునేవారు. ఆయన ఊరుకునే రకం కాదు. నవ్విన నాపచేనే పండుతుందని, నవ్వినవాళ్లనే సలహా అడుగుదామని నిశ్చయించారు. అలా పుట్టింది ‘సాంకేతిక ప్రజాస్వామ్య విధానం’. ఇకమీదట జిల్లాలో కంప్యూటరుకి సంబంధించి గుండుసూది కొనాలన్నా ముందు శాఖ వెబ్‌సైటులో బహిరంగ చర్చ జరగాలి. అందులో సిబ్బందీ పాల్గొనవచ్చు, పనిలేని ప్రపంచమంతా పాల్గొనవచ్చు. వరసగా ఇరవై నాలుగు గంటలు ఎవరూ ఒక్క మాటా మాట్లాడకపోతే ఏకాభిప్రాయం కుదిరినట్టు లెక్క. అప్పుడు కొనుక్కోవచ్చు.

అంతర్జాలంలో వరసగా ఇరవై నాలుగు గంటలు ఎవరూ మాట్లాడకుండా ఉండటమన్నది డైరెక్టరుగారికి సాధ్యమనిపించింది. ఆయన రాత్రి తొమ్మిదింటికే పడుకుంటారు.

“పోనీ నా సొంత మౌస్ పెడతానండి,” అంది దమయంతి.

“ప్రైవేటు మౌస్ ప్రభుత్వ కంప్యూటరులోకి చొరబడటం భద్రతా ఉల్లంఘన కిందికి వస్తుందండి.”

“పక్క సీటుది?”

ఇద్దరూ పక్కకి చూశారు. భూముల కంప్యూటర్ల మౌసుల్ని, వెనకటికొకటి మాయమైందని, జిల్లా అంతటా గొలుసులతో బల్లలకి బిగించేశారు. ఆ గొలుసుల తాళంచెవి కూడా తర్వాత మాయమైంది. కీబోర్డుతో టిక్కు పెట్టడం కుదరదు. పెళ్లి చేసేది మనిషే అని రుజువు ఉండాలి కనక ఆ గడి మౌస్‌కి తప్ప లొంగకుండా తయారుచేశారు.

దమయంతి నిట్టూర్చి, వెబ్‌సైటు చర్చావేదికలో ఇలా రాయబోయింది: ‘ఎడమ బొత్తం పనిచేయడం లేదు. ఒక మౌస్ కావాలి.’

పేర్రాజుగారు అడ్డుపడ్డారు. “అలా బజారుభాషలో రాస్తే శాఖ పరువేం కానండీ?” అని ఆయనే చెప్పి రాయించారు: ‘సదరు కార్యాలయమందలి సూచక ఉపకరణము యొక్క వామభాగ వైఫల్యము దృష్ట్యా ప్రత్యామ్నాయ ఉపకరణ సేకరణ ఆవశ్యకతపై బహిరంగ చర్చ.’ ఏ ఆఫీసులో పరికరాలు పాడయ్యాయో ప్రజలకి తెలియనివ్వకూడదని ఇంకో ఉత్తర్వు ఉంది కనక, ఆఫీసు పేరు గానీ, ఆగినది పెళ్లి అని గానీ అందులో రాయలేదు. బెంచీమీద కూర్చున్న జంటకి ‘సాంకేతిక కారణాలు’ అని మాత్రం చెప్పారు. వాళ్లు దండలు మళ్లీ తడిగుడ్డలో చుట్టుకున్నారు.

నిమిషంలో మొదటి వ్యాఖ్య వచ్చింది: ‘వైరు ఉన్నదా, లేనిదా?’

‘ఏదైనా ఫరవాలేదు’ అని జవాబిచ్చింది దమయంతి. ఆ మాట కంప్యూటర్లు తెలిసినవాళ్ల దగ్గర అనకూడదని పాపం ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఫరవాలేదా! సాయంత్రానికి రెండు పార్టీలు తయారయ్యాయి. వైరు లేని మౌస్ వెయ్యోవంతు సెకను ఆలస్యంగా పలుకుతుందని ఒకాయన పటం గీసి చూపించి, ప్రభుత్వ పాలనలో అంత జాప్యం సహించరానిదని కోప్పడ్డాడు. వైరున్నది వాడేవాళ్లు ఎడ్లబండి మీద ఆఫీసుకి వెళ్లాలని ఇంకొకాయన జవాబిచ్చాడు. రెండోరోజు ఎవరో, అసలు మౌస్ తగిలించే కంప్యూటరు ఏమిటని అడిగారు. ఎనిమిది జీబీ ర్యామ్ అని తెలియగానే, పదహారు లేనిది కంప్యూటరు కాదు, కూడికల పెట్టె అని తీర్పొచ్చింది. ‘మా తమ్ముడు నాలుగుతో సినిమాలు ఎడిట్ చేస్తున్నాడు’ అని ఒకరన్నారు. ‘ఆ సినిమాలు చూశాం’ అని ఇంకొకరన్నారు. మూడోరోజు ఆపరేటింగ్ సిస్టం ఏదన్న ప్రశ్న వచ్చింది. అక్కణ్ణించి మౌస్ సంగతి దేవుడెరుగు.

ఆపరేటింగ్ సిస్టం అంటే కంప్యూటరుకి ప్రాణంలాంటిది. దమయంతి కంప్యూటరులో ఏ ప్రాణం ఉందో ఆవిడెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు తెలిసిందేమంటే, లోకంలో డబ్బిచ్చి కొనుక్కునే కిటికీల సిస్టం వాళ్లు ఒక జాతి, ఉచితంగా దొరికే పెంగ్విన్ సిస్టం వాళ్లు ఇంకో జాతి. మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అందులోనూ ఇద్దరు మరీ ఘటికులు. ఒకరి పేరు ‘కిటికీకాపలా’, ఇంకొకరి పేరు ‘పెంగ్విన్ పెద్దయ్య’. ఒకరు ఒక మాటంటే రెండోవారు పది మాటలూ, పది లింకులూ తెచ్చి పడేసేవారు. పెంగ్విన్ పెద్దయ్య అంటే రిటైరై, భార్య మాట వినక, పడక్కుర్చీలో కూర్చుని లోకాన్ని దిద్దే ముసలాయనై ఉంటాడని దమయంతి ఊహించుకుంది. ఆయన మీద ఆవిడకి చాలా కోపం వచ్చింది.

వార్తలు కూడా తోడయ్యాయి. వచ్చే నెల కొత్త చిప్ విడుదలవుతోందట, ఈ నెల కొన్నవాడంత అమాయకుడు ఉండడట. ఆ మాట డైరెక్టరుగారు చదివారు. ‘నూతన చిప్ ఆగమనము వరకు వేచిచూచు వైఖరి అవలంబించవలెను’ అని ఉత్తర్వు పంపారు. మౌస్‌కి చిప్‌తో ఏం పని అని దమయంతి అడిగితే, “అది విధాన నిర్ణయమండి, మనబోటివాళ్లకి అందదు” అన్నారు పేర్రాజుగారు. నెల తిరిగింది. ఆ చిప్ వేడెక్కి పోతోందట, దాని తర్వాతది చాలా బాగుంటుందట. మళ్లీ ఉత్తర్వు వచ్చింది.

జిల్లాలో ఇంకే ఆఫీసు చర్చా ఇంత ఘనంగా సాగలేదు. చర్చల నాణ్యతను చూసేందుకు ఒక పరిశీలకుణ్ణి వేశారు. ఆయన వారం వారం ప్రగతి నివేదిక పంపుతూ వచ్చాడు. చివరికి ఒక సభ పెట్టి, కొత్తమెరకని ‘ఉత్తమ చర్చా కార్యాలయం’గా ప్రకటించి, పేర్రాజుగారికి శాలువా కప్పి, ఇత్తడి షీల్డు ఇచ్చారు. మౌస్ కొననందుకు మనిషికి సన్మానం జరగడం దమయంతి తన సర్వీసులో అదే చూడటం. ఆ షీల్డుని తెచ్చి పెళ్లిళ్ల కంప్యూటరు పక్కనే పెట్టారు. మౌస్ ఉండాల్సిన చోట బాగా నప్పింది.

ఇంతలో ప్రజ్వల, జోయెల్ వారం వారం వస్తూనే ఉన్నారు. కాలవగట్టు మీద కాలేజీలో అమ్మాయి లెక్కలు చెబుతుంది. అబ్బాయి బ్యాంకులో పనిచేస్తాడు. ఇద్దరూ కంప్యూటర్ల గొడవలు జరిగే ఏదో గుంపులో కొట్టుకుని, కొట్టుకుని, ఆఖరికి ఈ మనిషితో తప్ప ఇంకెవరితోనూ పోట్లాడటంలో రుచి లేదని తెలుసుకుని పెళ్లి నిశ్చయించుకున్నారట. ఆ ముక్క ప్రజ్వల సిగ్గుపడుతూ చెబితే దమయంతి నవ్వింది. అంతకుమించి ఆలోచించలేదు.

ఒక వారం అమ్మాయి తండ్రి కూడా వచ్చాడు. రైసుమిల్లు సూర్రావు అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. కోపిష్టి కాదు, మాటకి నిలబడే మనిషి. అదే వచ్చిన చిక్కు.

“సూడండి మేడమ్‌గారూ,” అన్నాడాయన బెంచీ చివర కూర్చుని. “మా అమ్మాయి ఇష్టపడింది, కుర్రోడు మంచోడే, నేను సరేనన్నాను. ఈ పెళ్లి నోటీసుకి మూణ్ణెల్లు గడువన్నారు. ఆ మూణ్ణెల్లలో గవర్నమెంటోరే ఈళ్లకి పెళ్లి సెయ్యలేపోతే, ఇంక అది రాసిపెట్టి లేదనే కదండీ? మళ్లీ నోటీసు, మళ్లీ నాలుగూళ్లకీ సమాధానం సెప్పుకోడం నా వల్ల కాదండి. మా బామ్మర్ది కొడుకు సిద్ధంగా ఉన్నాడు. అంతే.”

“మేజరైన పిల్ల కదండీ, తనిష్టం,” అంది దమయంతి.

“మేజరేనండి. కానీ నాన్న లేని పెళ్లి నాకొద్దండి,” అంది ప్రజ్వల. పక్కన జోయెల్ చేతిలో ఉన్న దండల మూటని విప్పి మళ్లీ ముడేశాడు.

దమయంతికి ఆ పూట అన్నం సయించలేదు. ఒక బొత్తం! చిటికెనవేలి గోరంత ప్లాస్టిక్కు ముక్క!

ఇంటికెళ్లి ఆలోచించి, మర్నాడు చర్చలో రాసింది: ‘అయ్యలారా, అమ్మలారా, దయచేసి ఒక్కరోజు ఎవరూ ఏమీ రాయకండి.’ ఆ రాసింది కూడా ఒక వ్యాఖ్యే కనక గడియారం మళ్లీ మొదటికి వచ్చింది. దాని కింద మూడు వందలమంది ‘అవును, ఎవరూ రాయకండి’ అని రాశారు. కొందరు మౌనం గొప్పతనం గురించి పద్యాలు పెట్టారు. మౌనంగా ఉండాలంటే ఏ సిస్టం మంచిదని ఒకరు అడిగారు. కిటికీకాపలా, పెంగ్విన్ పెద్దయ్య మళ్లీ అందుకున్నారు.

ఒకసారి దేవుడే కరుణించి శాఖ సర్వరు రెండు రోజులు పడిపోయింది. రెండు రోజులూ ఒక్క వ్యాఖ్య లేదు. దమయంతి పరుగెత్తుకెళ్లి పేర్రాజుగారికి చెప్పింది. ఆయన ఉత్సాహంగా జిల్లాకి రాశారు. జవాబు వచ్చింది: ‘నిర్బంధ మౌనము స్వచ్ఛంద ఏకాభిప్రాయము కాజాలదు.’

అలా వచ్చి వచ్చి గడువు రేపు సాయంత్రం ఐదింటికి ముగుస్తుందనగా, గురువారం మధ్యాహ్నం ఆ జంట మళ్లీ వచ్చి బెంచీమీద కూర్చుంది. ఇంక అడగడానికేం మిగల్లేదు, కానీ ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు.

దమయంతి తెరమీద చర్చ తెరిచి ఉంది. పెంగ్విన్ పెద్దయ్య ఒక వ్యాఖ్య పెట్టాడు. సరిగ్గా అప్పుడే జోయెల్ బొటనవేలు ఫోను మీంచి పైకి లేచింది. ప్రజ్వల ‘హుఁ’ అని ముక్కుతో ఒక చప్పుడు చేసి, చకచకా ఏదో కొట్టింది. తెరమీద కిటికీకాపలా జవాబు ప్రత్యక్షమైంది. జోయెల్ నవ్వుకుంటూ మళ్లీ వంగాడు. తెరమీద పెంగ్విన్ పెద్దయ్య జవాబు పడింది.

దమయంతి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. పెంగ్విన్ పెద్దయ్య ముసలాడు కాదు. దండల మూట ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఎదురుగానే కూర్చున్నాడు.

“బాబూ, జోయెల్! ఏం రాస్తున్నావు నాన్నా?”

“ఏం లేదండి మేడమ్. ఎవరో ఒక డిపార్ట్‌మెంటువాళ్లు సూచక ఉపకరణం అని ఒక చర్చ పెట్టారండి. గుంపులో ఎవరో లింకు పంపారు. బుర్రలేని జనమండి బాబూ! రెణ్ణెల్లుగా ఒక నిర్ణయానికి రాలేకపోతున్నారు.”

“పాపం, దాని మూలంగా ఎవరి పని ఆగిపోయిందో!” అంది ప్రజ్వల తలెత్తకుండా.

దమయంతి లేచి వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు, ఎడమ బొత్తం దగ్గర మొదలుపెట్టి ఇత్తడి షీల్డు దాకా చెప్పింది. ఉత్తర్వులు, భద్రతలు, పరువులు అన్నీ పక్కనపెట్టి చెప్పేసింది. పేర్రాజుగారు తలుపు దగ్గర నిలబడి, వినపడనట్టు ఫ్యాను వైపు చూశారు. ఆయన కూడా మనిషే.

ఇద్దరూ ఫోన్లు బోర్లా పెట్టేశారు.

“అంటే… మా పెళ్లి మేమే ఆపుకున్నామా అండి?” అంది ప్రజ్వల.

“మీరొక్కళ్లే కాదమ్మా, ఊరూవాడా కలిసి ఆపారు. కాకపోతే మిగతావాళ్లు ఎప్పుడో అలిసిపోయారు. ఈ నెలరోజులుగా దీపం ఆరిపోకుండా చమురు పోస్తున్నది మీరిద్దరే. ఇప్పుడు మూడైంది. రేపు మూడుదాకా నోరు మూసుకుంటే చర్చ ముగుస్తుంది. ఎదురుకొట్లో మౌస్ తెస్తాను. ఐదులోపు పెళ్లి చేసేస్తాను.”

“ఇప్పుడే ఆపేస్తానండి,” అన్నాడు జోయెల్.

“ఆపుతావు, ఎందుకాపవు? ఇప్పుడు ఆఖరి వ్యాఖ్య నీదే కదా,” అంది ప్రజ్వల. “నేను ఊరుకుంటే నువ్వు గెలిచినట్టు అక్కడ శాశ్వతంగా ఉండిపోతుంది. ఒక్క ముక్క రాసి ఆపేస్తాను.”

“నువ్వు రాస్తే, మరి నేను తప్పు ఒప్పుకున్నట్టు కాదా?”

“ఒప్పుకుంటే ఏం? పెళ్లికోసం ఆమాత్రం ఒప్పుకోలేవా?”

“పెళ్లికోసం ప్రాణం ఇమ్మను, ఇస్తాను. కిటికీల సిస్టం మంచిదని మట్టుకు ఒప్పుకోమనకు.”

దమయంతికి ఒక్క క్షణం సూర్రావుగారి బామ్మర్ది కొడుకు గుర్తొచ్చాడు. ఆ కుర్రవాడు ఏ పాపం చేశాడో, ఈ పిల్లని అతనికి కట్టబెట్టడం న్యాయం కాదనిపించింది. ఈ ఇద్దరికీ ఈ ఇద్దరే తగినవాళ్లు.

“ఆఖరి మాట మీ ఇద్దరిదీ కాదు. నాది,” అని లేచింది.

సాంకేతిక ప్రజాస్వామ్య విధానం ప్రకారం ప్రతి చర్చకూ దాన్ని మొదలుపెట్టినవాళ్లే నిర్వాహకులు; అంటే ఈ చర్చకి దమయంతే. ఆవిడకి అధికారాలేమీ ఉండవు గానీ, అవసరమైనప్పుడు స్పష్టీకరణలు ఇవ్వవచ్చు. దమయంతి ఇన్నేళ్ల సర్వీసులో నేర్చుకున్నది ఒకటుంది. సర్కారు లోకంలో మనిషి దేనికీ జంకడు. ఎండకి జంకడు, నిందకి జంకడు. ఒక్క బాధ్యతకి మాత్రం జంకుతాడు. బయటి లోకం కూడా ఆ విషయంలో తక్కువేమీ తినలేదు.

ఆవిడ కూర్చుని రాసింది: ‘స్పష్టీకరణ. ఈ చర్చ యందు చివరి వ్యాఖ్య చేసిన వ్యక్తినే సదరు ఉపకరణమునకు బాధ్యులుగా పరిగణించవలెను. వారు దానిని స్వయముగా కొని, స్వయముగా బిగించి, ఈ రకమే ఎందుకు కొన్నారో ఆడిట్ వారికి జీవితాంతము సంజాయిషీ ఇచ్చుకొనవలెను. ప్రస్తుతమునకు ఆ బాధ్యత నాది. ఎవరైనా తీసుకొనదలచినచో వ్యాఖ్య చేయగలరు.’

రాసి, ఎంటర్ నొక్కింది. ఆడిట్ అంటే ఆవిడకీ భయమే.

చర్చ ఆగిపోయింది. రెణ్ణెల్లుగా వానాకాలం కప్పల్లా మోగిన చోటు ఒక్కసారిగా సద్దుమణిగింది. సాయంత్రం దాకా ఒక్క వ్యాఖ్య లేదు. తెల్లారింది, లేదు. వైరువాళ్లు, వైరు లేనివాళ్లు, పటాలు గీసినవాళ్లు, పద్యాలు పెట్టినవాళ్లు అందరూ ఎక్కడివాళ్లక్కడ నక్కారు. జోయెల్, ప్రజ్వల తమ ఫోన్లు రెండూ తెచ్చి దమయంతి సొరుగులో పెట్టి తాళం వేయించుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నానికి సూర్రావు వచ్చాడు. సాక్షులొచ్చారు. కొత్త దండలొచ్చాయి. జిరాక్సు కొట్టువాడు ఒక మౌస్ దించి కాగితంలో చుట్టి ఉంచాడు.

రెండుంబావుకి డైరెక్టరుగారు భోజనం ముగించి, వెబ్‌సైటు తెరిచి, ఆ నిశ్శబ్దాన్ని చూసి పరవశించారు. తన విధానం ఫలించింది! కింద రాసినదేమిటో చదవలేదు. అధికారులు కింద రాసినవి చదవరు. ఆయన రాశారు: ‘ఏకాభిప్రాయ సాధన దిశగా చరిత్రాత్మక విజయము సాధించుచున్న కొత్తమెరక సిబ్బందికి హృదయపూర్వక అభినందనలు!’

గడియారం సున్నాకి వచ్చింది.

దమయంతి తల పట్టుకుంది. పేర్రాజుగారు కుర్చీలో కూలబడ్డారు. “అయిపోయిందండి. ఇంక రేపు మధ్యాహ్నం దాకా కొనడానికి లేదు,” అన్నారు. బెంచీమీద సూర్రావు గోడగడియారం వంక చూసి, కండువా సర్దుకున్నాడు. ప్రజ్వల ఆయన చెయ్యి పట్టుకుంది.

శాఖలో ఒక ఆచారం ఉంది. పై అధికారి ఏం రాసినా, కింద పిన్నా పెద్దా అందరూ ‘ధన్యవాదాలు సార్’ అని రాయాలి. ఎవరు ముందు రాశారో, ఎవరు రాయలేదో అన్నీ లెక్కకొస్తాయి. ఆ రోజు మాత్రం ఒక్కరూ రాయలేదు. ధన్యవాదాలు చెప్పినవాడే మౌస్ కొనాలి కదా! పావుగంట గడిచింది. గంటన్నర గడిచింది. పుట్టి బుద్ధెరిగాక కృతజ్ఞతలు అందుకోకుండా అంతసేపు ఉండటం డైరెక్టరుగారికి అదే మొదలు. ఆయన దిగులుపడి ఫోను చేశారు.

“ఏవమ్మా దమయంతిగారూ, మన సిబ్బందికి ఏమైంది? ఎవరూ స్పందించడం లేదేంటి? నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?”

“అబ్బే, లేదండి. ఇప్పుడు ఆఖరి వ్యాఖ్య తమదే కదండీ. మౌస్ బాధ్యత తమకి దఖలు పడింది. అందరికీ కళ్లు చెమర్చి మాట రావట్లేదండి.”

అవతల గొణుగుడు వినిపించింది. స్పష్టీకరణ చదువుతున్నారని దమయంతికి అర్థమైంది.

“జీవితాంతమా?”

“ఆడిట్ వారికండి.”

“ఇది… ఇది అన్యాయం కదమ్మా! నేను అభ్యంతరం తెలియజేస్తాను.”

“తప్పకుండా తెలియజేయండి. చర్చలోనే రాయాలి. అప్పుడు కూడా ఆఖరి వ్యాఖ్య తమదే అవుతుంది.”

ఈసారి డైరెక్టరుగారి గొంతులో ఉత్తర్వుల భాష పూర్తిగా పోయింది. “మరి నన్నేం చెయ్యమంటావమ్మా?”

“కొనడం రేపటిదాకా కుదరదండి. శాఖలో ఉన్న మౌస్‌నే ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి సర్దుబాటు చేస్తే అది కొన్నట్టు కాదు, చర్చ అక్కర్లేదు, ఆడిట్ ఉండదు. తమ బల్లమీద ఒకటి ఉంది కదండీ? గొలుసు లేనిది జిల్లాలో అదొక్కటే. ఐదులోపు పంపితే చాలండి.”

జిల్లా కేంద్రం నుంచి కొత్తమెరకకి జీపులో ముప్పావుగంట దారి. ఆ జీపు అరగంటలో వచ్చింది. డ్రైవరు రెండు చేతులతో పళ్లెం పట్టుకున్నట్టు ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. అందులో డైరెక్టరుగారి మౌస్ ఉంది. వైరు లేనిది. దమయంతి దాన్ని కదిపింది. అది కదల్లేదు. తిరగేసి చూస్తే బ్యాటరీ గది ఖాళీ.

నాలుగూ నలభై అయింది.

జోయెల్ స్టూలు లాగి ఎక్కి, గోడగడియారం దించి, వెనకనుంచి బ్యాటరీ ఊడదీసి మౌస్‌లో వేశాడు. గడియారం ఆగిపోయింది. మౌస్ కింద ఎర్రదీపం వెలిగింది.

“వైరుదైతే ఈ బాధ ఉండేది కాదు,” అంది ప్రజ్వల.

“అమ్మాయ్!” అన్నారు దమయంతి, పేర్రాజు, సూర్రావు, ముగ్గురు సాక్షులూ ఒక్కసారే.

దండలు మార్చుకున్నారు. ఇంక చట్టప్రకారం ఒకరినొకరు స్వీకరిస్తున్నామని పైకి అనాలి. జోయెల్ నోరు తెరిచి ఆగాడు. ప్రజ్వల వైపు చూశాడు. “నువ్వే ఆఖరున చెప్పు,” అన్నాడు.

“నేనెందుకు? నువ్వే చెప్పు. ఆఖరున చెప్పినవాళ్లకే కదా బాధ్యత!”

“ఇది మౌస్ కాదర్రా,” అంది దమయంతి. “ఇక్కడ ఒకరి మీద పెట్టి ఒకరు తప్పుకోవడం లేదు. ఇద్దరూ కలిసి అనండి.”

కలిసి అన్నారు. ఒకరి మాట ముందు, ఒకరి మాట వెనక పడకుండా, ఎక్కాలు అప్పచెప్పే పిల్లల్లా జాగ్రత్తగా, ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ అన్నారు. దమయంతి గడిలో నొక్కింది. టక్ మని టిక్కు పడింది. ఆ చిన్న చప్పుడుకి రైసుమిల్లు సూర్రావు భోరుమన్నాడు.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్పాలి. ఆ రాత్రే డైరెక్టరుగారికి జ్ఞానోదయమైంది. సాంకేతిక ప్రజాస్వామ్య విధానాన్ని పూర్తిగా రద్దు చేస్తూ సోమవారానికల్లా ఉత్తర్వు తయారుచేయించారు. అది అమలులోకి రావాలంటే ఆయన తన కంప్యూటరులో ‘ఆమోదించడమైనది’ అన్న గడిలో ఒక్క టిక్కు పెడితే చాలు.

పదకొండింటికి దమయంతి బల్లమీద ఫోను మోగింది. బెంచీమీద కొత్త జంట ఒకటి దండలతో కూర్చుని ఉంది.

“అమ్మా, ఆ మౌస్ ఒక్క పూట పంపుతారా? చిన్న పనుంది,” అన్నారు డైరెక్టరుగారు.

“ఇక్కడ పెళ్లివాళ్లు కూర్చున్నారండి,” అంది దమయంతి, మౌస్ మీద చెయ్యి తీయకుండా. “మీకు కొత్తది కావాలంటే చర్చలో పెట్టండి సార్.”